వెనక మనిషి

మేస్త్రి తన ఇంటి గుమ్మం దగ్గర నిలబడిపోయి చాలాసేపయింది.

తలుపు తెరిచే ఉంది. ఎదురుగా వీధి, వీధి అవతల గోడ, గోడ మీద ఎండ. అన్నీ దగ్గరే. పాదాలు మాత్రం గడపకి జానెడు ఇవతల మేకులు దిగేసినట్టు ఆగాయి. మోకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. మడమలు లేస్తున్నాయి, వేళ్ళు లేవడం లేదు. నడుం పైన ఉన్న మనిషి బయల్దేరాడు, కింద ఉన్న మనిషి రానన్నాడు. అలాంటప్పుడు తొందరపడితే బోర్లా పడడమే. ఒకసారి పడ్డాడు కూడా. అందుకని ద్వారబంధం పట్టుకుని ఊరుకున్నాడు.

చెయ్యి వేసిన చోట కొయ్య నున్నగా ఉంది. తను చిత్రిక పట్టిందే. పెళ్ళయిన కొత్తలో చేసిన గుమ్మం. ఇప్పటికీ అతుకు దగ్గర గోరు దూరే సందు లేదు.

బతుకంతా ఆయన గుమ్మాలే చేశాడు. మంచాలూ బల్లలూ ఎవరైనా చేస్తారు, గుమ్మం మాత్రం ఆయనే చెయ్యాలనేవారు. గుమ్మాల మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆ మనిషికి పార్కిన్సన్ జబ్బు వచ్చింది. మొదట కుడిచెయ్యి వణికింది. తర్వాత ముఖం బిగుసుకుంది, గొంతు తగ్గింది, అడుగులు చిన్నవయ్యాయి. భార్య పోయాక ఈ గుమ్మాల గొడవ మొదలైంది. వీధిలో నడుస్తాడు, ఖాళీ స్థలంలో నడుస్తాడు, గుమ్మం ఎదురైతే కాళ్ళు అతుక్కుపోతాయి. నరాల డాక్టరు జబ్బు ముదిరిందన్నాడు. తమ్ముడు దిగులన్నాడు.

ఆ తమ్ముడు అదే వీధి చివర ఉంటాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా నోరు ఉద్యోగం వదల్లేదు. పొద్దునా సాయంత్రం వచ్చి అన్నని గుమ్మాలు దాటించడం ఇప్పుడాయన డ్యూటీ.

“ఏంటన్నయ్యా, స్టాపు రాకుండానే ఆపేశావు?” అంటూ వచ్చాడు.

మేస్త్రి పెదవులు కదిలాయి. “ఇప్పుడే.”

“ఇప్పుడేనా? ఎదురింటావిడ బట్టలు ఆరేసింది, ఆరినవి తీసుకుని లోపలికి కూడా పోయింది. ఇంకాసేపుంటే నిన్నూ తీగ మీద వేసేది.”

కండక్టరు చీపురు తెచ్చి అన్న కాళ్ళ ముందు అడ్డంగా పడేశాడు. “గడప సంగతి మర్చిపో. అది చీపురు. చీపురు దాటలేని మగాడున్నాడా? రైట్... రైట్!”

మొదట్లో చీపురు పనిచేసింది. చీపురు పాతబడ్డాక రైట్ రైట్ పనిచేసింది. ఇప్పుడు రెండూ పాతబడ్డాయి. చివరికి కండక్టరే నడుం పట్టుకుని బియ్యం బస్తాను దించినట్టు అవతలికి దించాడు. దించి, తన మోకాళ్ళు రెండూ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. మేస్త్రి పక్కన కూర్చున్నాడు.

“ఒక మాట చెప్పాలి” అన్నాడు కండక్టరు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. “నా మోకాళ్ళు కూడా అయిపోయాయి. మా అమ్మాయి రమ్మని గొడవ చేస్తోంది. నెలాఖరుకి నేనూ నీ మరదలూ వెళ్ళిపోతున్నాం.”

మేస్త్రి తల ఊపాడు.

“నీకొక చోటు చూశాను. వృద్ధాశ్రమమే, కాని మంచిది. ఎక్కడా గడపల్లేవు. గదులకి తలుపులు కూడా లేవు. అన్నీ తెరలే.”

“తెరలా?”

“తెరలే.”

మేస్త్రి తను చేసిన గుమ్మం వైపు తిరిగి చూశాడు. “ఎవరైనా వస్తే ఏం తడతారు?”

తలుపు లేని గదిలో ఈ మనిషిని కూర్చోబెట్టడం ఎలాంటిదో కండక్టరుకీ తెలుసు. “చూడన్నయ్యా, పెద్దాసుపత్రిలో ఆ నడకల ల్యాబు వాళ్ళున్నారుగా. ఈ నెలంతా రమ్మన్నారుగా. నీ అంతట నువ్వు గుమ్మం దాటగలవని వాళ్ళ నోట చెప్పించు, నేను నోరెత్తను. నీ ఇల్లు, నీ గుమ్మం. లేదంటే తెరల్లోకి పద. ఒక్కడివీ ఇక్కడ పడిపోయి ఉంటే ఎదురింటావిడ బట్టలకి వచ్చేదాకా ఎవరికీ తెలియదు.”

“సరే” అన్నాడు మేస్త్రి.

*

పెద్దాసుపత్రి వెనక వైపు, కింది అంతస్తులో పొడుగాటి గది అది. కిటికీల్లేవు. గోడల పైన వరసగా కెమెరాలు. మధ్యలో నడిచే బాట. బాట కింద, అడుగు ఎంత బరువుగా పడిందో పట్టే పలకలు. మనుషులు ఎలా నడుస్తారు, నడక ఎక్కడ చెడుతుంది, చెడితే ఎలా బాగుచెయ్యాలి అని అక్కడ పరిశోధన చేస్తారు. ఒక పెద్ద డాక్టరుంటాడు, కాని ఆయన అరుదుగా కనిపిస్తాడు. పనంతా ఒక అమ్మాయిది. ఆ అమ్మాయి వచ్చినవాళ్ళ చీలమండలకి, మోకాళ్ళకి, తుంటికి, భుజాలకి మెరిసే చిన్న గోళీలు అంటిస్తుంది. కెమెరాలు మనిషిని పట్టించుకోవు, గోళీలనే చూస్తాయి. తెర మీద మనిషి ఉండడు. నల్లటి చీకట్లో తెల్లటి చుక్కలు నడుస్తూ ఉంటాయి. కండక్టరు ఆమెకి చుక్కలమ్మాయి అని పేరు పెట్టాడు. పిలిస్తే ఆమె పలుకుతుంది కూడా.

జబ్బు బయటపడ్డ కొత్తలో మేస్త్రి, భార్య కలిసి అక్కడికి వచ్చారు. రోగి నడకతో పోల్చి చూడటానికి అదే వయసులో జబ్బులేని మనిషి నడక కావాలట. ఎవరినో వెతికే బదులు రోగులతో వచ్చిన భార్యలనీ భర్తలనీ అడుగుతారు. ఆవిడ సరేనంది. అలా ఆయన జబ్బుమనిషి అయ్యాడు, ఆవిడ గట్టిమనిషి అయింది. ఆ గట్టిమనిషి ఒక పొద్దున నీళ్ళు కాచుకోవడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళి, అక్కడే కూర్చున్నట్టు కూలిపోయింది. జబ్బుమనిషి పక్కగదిలో ఉండి, గుమ్మం దాటి వెళ్ళి లేపబోయాడు. ఎవరి సాయం లేకుండా ఆయన దాటిన ఆఖరి గుమ్మం అదే.

ఇప్పుడు నడిచే బాట మధ్యలో ఒక ఉత్తుత్తి గుమ్మం నిలబెట్టి ఉంది. గుమ్మాల దగ్గర కాళ్ళు ఆగిపోయేవాళ్ళ కోసం. మేస్త్రి దాని దగ్గరికి వెళ్ళి మూల తడిమాడు. సన్నటి చెక్క, పక్కనుంచి కొట్టిన మేకులు. ఒక నిలువు కాస్త ఒరిగి ఉంది.

“ఎవరు చేశారమ్మా?” అన్నాడు.

“మా స్టోరు వాళ్ళండి.”

“వాళ్ళకీ నీకూ ఏమైనా గొడవలున్నాయా?” అన్నాడు కండక్టరు.

చుక్కలమ్మాయి నవ్వింది. మేస్త్రి ముఖంలో మార్పు లేదు. జబ్బు ఆ ముఖానికి నవ్వు రానివ్వదు. కాని అంత నాసిరకం గుమ్మం ముందు కూడా తన కాళ్ళు ఆగిపోయినప్పుడు ఆయనకి పుట్టెడు సిగ్గేసింది. మంచి గుమ్మం ముందు ఆగితే అది వేరు.

“శబ్దానికి అడుగు కలిపితే కొందరికి కాలు వస్తుందండి” అని చెప్పింది చుక్కలమ్మాయి. “లోపలి తాళం తప్పినప్పుడు బయటి తాళం పట్టుకోవడం అన్నమాట. మీకు ఏ శబ్దం పనికొస్తుందో వెతుకుదాం.”

గుమ్మానికి అవతల స్పీకరు పెట్టింది. టక్ టక్ అని తాళం వేసింది. మేస్త్రి ఆ తాళానికి బాగానే నడిచాడు. అడుగులు కాస్త పెద్దవయ్యాయి కూడా. గుమ్మం దగ్గరికి రాగానే తాళం ముందుకి పోయింది, ఆయన వెనక ఉండిపోయాడు. పాట పెట్టింది. పాటా పోయింది. డప్పు పెట్టింది. కవాతు పెట్టింది. కండక్టరు ఊరుకోలేక తనే రైట్ రైట్ అన్నాడు. ఏదీ గుమ్మం దాటించలేదు. మేస్త్రి వణికే మోకాళ్ళతో నిలబడ్డాడు.

“ఇవాళ్టికి చాలు” అంటూ చుక్కలమ్మాయి కుర్చీ తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది. వంగి చీలమండల దగ్గర గోళీలు ఊడదీస్తూ, మాట కోసం అన్నట్టుగా అంది, “అప్పట్లో అమ్మగారికి ఇవి అంటిస్తుంటే ఒకటే నవ్వు. చక్కిలిగిలి అన్నారు.”

మేస్త్రి ఆమె తల వైపు చూశాడు. “ఆవిడ నడక... ఇక్కడ ఉందా?” అన్నాడు.

గోళీ తీస్తున్న చెయ్యి ఆగింది. “ఉంటుందండి. పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. కాని ఉంది.”

“చూపిస్తావా?”

“నా అంతట నేను చూపించకూడదండి. పెద్ద డాక్టరుగారిని అడగాలి.”

“అడుగు” అన్నాడు మేస్త్రి.



*

పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. ఆవిడ తన నడకని ఇచ్చింది పరిశోధనకేగా, ఇది దానికిందకే వస్తుంది, పైగా ఈయన తప్ప ఆవిడకి వేరే ఎవరూ లేరు అన్నాడట. ఆ సంగతి చెబుతూ చుక్కలమ్మాయి దీపాలు తగ్గించింది. మేస్త్రిని తెర ముందు కూర్చోబెట్టింది. ఆయన చొక్కా సర్దుకున్నాడు. ఆ పొద్దున తమ్ముడి చేత గడ్డం కూడా గీయించుకున్నాడు.

నల్లటి తెర మీద ఎడమవైపు నుంచి చుక్కలు వచ్చాయి.

పైన రెండు, కింద రెండు, మధ్యలో కొన్ని. కాసేపు అవి ఉత్తి చుక్కలే. అంతలో కదిలాయి. కదలగానే ఒక మనిషి అయ్యాయి. ఆ మనిషి అటు చివరిదాకా నడిచింది, తిరిగింది, ఇటు నడిచింది.

“వదిన!” కండక్టరు లేచి నిలబడ్డాడు. “అదిగో, కుడిభుజం చూడు, కిందకి దిగి లేదూ! మీరిద్దరూ గుమ్మం మోసుకుని వస్తుంటే మలుపు దగ్గరే పోల్చేవాణ్ణిగా. వదినే! ఇదేంటి, భుజాలు అలా ఎగురుతున్నాయేం?”

“నవ్వుతున్నారండి” అంది చుక్కలమ్మాయి. “ఆ రోజు నడిచినంతసేపూ నవ్వారు. అందుకే ఆ భుజం చుక్కలు అలా ఉన్నాయి.”

కండక్టరు జేబురుమాలు తీశాడు.

మేస్త్రి తెర వైపే చూస్తున్నాడు. ముందుకి వంగి చూశాడు. మళ్ళీ వెయ్యమని వేలితో సైగ చేశాడు. మళ్ళీ వేసింది. చుక్కలు నవ్వుతూ వచ్చాయి, నవ్వుతూ పోయాయి. ఆయన వాటిని రైల్లో ఎదురుగా కూర్చున్న కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“ఈవిడెవరో నాకు తెలియదు” అన్నాడు.

“అదేంటన్నయ్యా! కళ్ళజోడు పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నా. తెలియదు.”

తమ్ముడు పోల్చాడు. పరాయి పిల్ల పోల్చింది. నలభై ఏళ్ళు ఒకే కంచు చెంబుతో నీళ్ళు తాగిన మనిషి పోల్చలేకపోయాడు. చుక్కలమ్మాయి తెర ఆపేసింది. దీపాలు వేసింది. ఏం చెయ్యాలో తోచక గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. మేస్త్రి రెండు చేతులా పట్టుకుని, కొంత ఒలకబోసుకుని తాగాడు.

“నేను ముందుండేవాణ్ణి” అన్నాడు తర్వాత.

ఇంకేమైనా అంటాడేమోనని ఇద్దరూ చూశారు. ఆయన మాటలు వెతుక్కుంటున్నాడు. దొరికినవి ఒక్కొక్కటే బయటపెట్టాడు.

గుమ్మం తయారయ్యాక ఇల్లు కట్టేవాళ్ళ దగ్గరికి చేర్చాలి. బండి పోని సందుల్లో, ఇసకా రాళ్ళూ పోసిన చోట, మనుషులే మొయ్యాలి. గుమ్మాన్ని పడుకోబెట్టి ముందు కొస ఆయన ఎత్తుకునేవాడు, వెనక కొస ఆవిడ. భుజం మీద అంత కొయ్య ఉంటే మెడ తిరగదు. ఆయన వెనక్కి చూసింది లేదు. ఆవిడకేమో అడ్డంగా ఉన్న కొయ్య వల్ల కింద నేల కనపడదు. అందుకని ఆయన చెప్పేవాడు. రాయి ఉంటే రాయి, గుంట ఉంటే గుంట, గడప ఉంటే గడప. ఆవిడ ఊఁ అనేది. ఆ ఊఁ వినపడితేనే ముందుకి అడుగు. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరి పని వాళ్ళది, ఆవిడ నడుస్తుంటే చూస్తూ కూర్చునే తీరికెవరికి? అలా బజారుకి వెళ్ళినా బరువు లేకపోయినా ఆవిడ వెనకే నడిచేది. అలవాటు.

“వెనక అడుగులు తెలుసు” అన్నాడు. “నడక తెలియదు.”

చుక్కలమ్మాయి కొంతసేపు నేల వైపు చూసింది. బాట వైపు, బాట కింద పలకల వైపు. “ఆ రోజు అమ్మగారి అడుగు ఎప్పుడు పడింది, ఎంత బరువుగా పడింది, అంతా ఈ పలకల్లో ఉంది. చప్పుడు లేదు. కాని దాన్ని చప్పుడు చెయ్యొచ్చు. కాస్త టైమివ్వండి” అంది.

*

మళ్ళీ వెళ్ళేసరికి చప్పుడు తయారయింది. చుక్కలమ్మాయి ఎప్పటిలాగే స్పీకరు గుమ్మానికి అవతల పెట్టింది. మేస్త్రి బాట మొదట్లో నిలబడి దాన్ని చూశాడు.

“అక్కడ కాదు” అన్నాడు.

“మరెక్కడండి?”

ఆయన వణుకుతున్న బొటనవేలితో భుజం మీదుగా వెనక్కి చూపించాడు.

ఆమె ఒక్క క్షణం ఆగి, పరుగెత్తుకెళ్ళి చక్రాల బల్ల తెచ్చింది. స్పీకరు దాని మీద పెట్టింది. బల్ల తొయ్యడం కండక్టరుకి అప్పగించింది. “రండి వదినా, ముందు సీటు అన్నయ్యదే, మీరు వెనక పట్టుకోండి” అన్నాడు కండక్టరు. నవ్వించబోయాడు. బల్ల అంచు పట్టుకుని అన్న వెనక నిలబడ్డాడు.

అడుగుల చప్పుడు మొదలైంది. మడమ, తర్వాత వేళ్ళు. ఎడమ తేలిగ్గా, కుడి కొంచెం బరువుగా. అది అచ్చంగా కాలి చప్పుడేం కాదు, మెత్తటి చెక్క మీద సుత్తిపిడితో తట్టినట్టు ఉంది. మేస్త్రి తల కాస్త పక్కకి వంచి విన్నాడు.

“ఒట్టి భుజంతో నడుస్తోంది” అన్నాడు. ఎవరితోనూ కాదు.

బయల్దేరాడు. వెనక అడుగులు, వెనక చక్రాల బల్ల, బల్ల వెనక కండక్టరు. ఆయన నడుం కొద్దిగా నిటారుగా అయింది. కుడిచెయ్యి తనంతట తనే పైకి లేచి, భుజం దగ్గర దేన్నో పట్టుకున్నట్టు ఆగింది. గుమ్మం దగ్గరయింది. చుక్కలమ్మాయి తెర చూడటం మానేసి ఆయన కాళ్ళు చూస్తోంది.

“గడప!” అన్నాడు మేస్త్రి.

ఆ గొంతు గదంతా పాకింది. ఏడాదిగా చెవి నోటి దగ్గర పెడితే గాని మాట వినపడని మనిషి. కండక్టరు అదిరిపడి బల్ల వదిలేశాడు. మేస్త్రి కుడికాలు మోకాలిదాకా లేచింది, గడప అవతల పడింది. ఎడమకాలు దాని వెంట వచ్చింది. ఆయన గుమ్మానికి అవతల ఉన్నాడు.

అవతల కొన్ని అడుగులు వేసి ఆగాడు. అడుగుల చప్పుడు తన దారిన తను ముందుకి పోయి అయిపోయింది.

“అన్నయ్యా!” కండక్టరు మోకాళ్ళ సంగతి మర్చిపోయి పరుగెత్తాడు. “తలతిరుగుతోందా? పడతావా?”

“లేదు” అన్నాడు మేస్త్రి. గొంతు మళ్ళీ చిన్నదైపోయింది.

ఆ రోజూ, ఆ తర్వాతా చాలాసార్లు నడిపించింది చుక్కలమ్మాయి. చప్పుడుతో నడిపించింది. చప్పుడు తగ్గించి నడిపించింది. తీసేసి నడిపించింది. చప్పుడు లేకపోయినా ఆయన గడప అని చెబితే కాలు లేచేది. చెప్పకపోతే చప్పుడు ఉన్నా లేచేది కాదు. ఆమె పళ్ళ మధ్య పెన్ను పెట్టుకుని ఆలోచించింది. “మేం మీకు ఏం చెబితే కాలు వస్తుందా అని వెతికాం” అంది. “మీరు ఇంకొకళ్ళకి చెబితే వస్తోంది.”

మేస్త్రి ఒరిగిన నిలువు వైపు చూస్తున్నాడు. తర్వాతిసారి వచ్చినప్పుడు చిన్న చెక్కముక్క తెచ్చి దాని కింద దూర్చి నిలువు సరిచేశాడు.

*

పరీక్ష రోజు పెద్ద డాక్టరు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. కండక్టరుని బయట ఉండమన్నారు. ఎవరూ సాయం చెయ్యకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. స్పీకరు లేదు. మేస్త్రి అటూ ఇటూ నడవాలి. కాళ్ళు ఆగిపోతే కంప్యూటరు తనంతట తనే పోల్చి తెర మీద అక్కడ ఎర్రగీత పెడుతుంది. దాన్నిబట్టే వాళ్ళు మాట చెప్పాలి.

మేస్త్రి నడిచాడు. ప్రతిసారీ గడప అన్నాడు. ప్రతిసారీ దాటాడు. అయిపోయాక కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడిచెయ్యి వణుకుతుంటే ఎడమచెయ్యి దాన్ని పట్టుకుంది.

చుక్కలమ్మాయి తెర ముందు కూర్చుంది. ముఖం పాలిపోయింది. తెర మీద ఎర్రగీతలున్నాయి. నడిచినన్నిసార్లూ ఉన్నాయి.

కండక్టరు తలుపు సందులోంచి తొంగిచూశాడు. “ఏమైందమ్మా? దాటాడుగా! నేను బయట్నుంచి విన్నాను.”

“దాటారండి. కాని ఆగిపోయినట్టు చూపిస్తోంది.”

“దాని కళ్ళు పోను!”

“మీరుండండి ఒక్క నిమిషం.” ఆమె చుక్కలని వెనక్కి నడిపింది, ముందుకి నడిపింది. పెద్ద డాక్టరు లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఎర్రగీత గుమ్మం ముందు లేదు, గుమ్మం దాటాక ఉంది. ప్రతిసారీ అదే చోట. గడప నుంచి అంతే దూరంలో. ఆమె మోకాలి చుక్కలని పెద్దవిచేసి చూసింది. పాత రోజుల్లోవి తీసి పక్కన పెట్టింది. కాళ్ళు అతుక్కుపోయినప్పుడు మోకాళ్ళు వణుకుతాయి, బయల్దేరబోయి బయల్దేరలేక. అది ఆ పాతవాటిలో ఉంది. ఇవాళ్టి వాటిలో లేదు. మోకాళ్ళు బుద్ధిగా, బరువు దించుకున్నట్టు నిలబడ్డాయి.

ఆమె కుర్చీ తిప్పింది. “మేస్త్రిగారూ, గుమ్మం దాటాక ఆగుతున్నారు. కాళ్ళు రాకనా?”

“వస్తాయి.”

“మరి?”

ఇంత చిన్న సంగతి అడుగుతారేమిటన్నట్టు చూశాడాయన. “వెనక మనిషి దాటాలిగా అమ్మా” అన్నాడు. “ముందువాడు లాక్కుపోతే వెనకావిడ గడప తట్టుకుని పడుతుంది.”

చుక్కలమ్మాయి తెర వైపు తిరిగింది. గడపకీ ఎర్రగీతకీ మధ్య దూరం ఎంతుందో ఇప్పుడు కొలవక్కర్లేదు. ఒక గుమ్మం పొడుగు ఉంది.

“ఆగిపోవడం వేరు, ఆగడం వేరు” అన్నాడు పెద్ద డాక్టరు మెల్లగా. “యంత్రానికి ఆ తేడా మనం నేర్పలేదు. ఆ గీతలు తీసెయ్యమ్మా.” తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి కండక్టరుతో చెప్పాడు, “మీ అన్నగారు తనంతట తను గుమ్మం దాటతారండి. మందులు వేళకి వేసుకుంటే ఇంట్లో ఉండొచ్చు. జబ్బు ముందుకి పోయేదే, దాన్ని ఆపామని చెప్పను. అప్పుడప్పుడూ వచ్చి కనిపించాలి.”

కండక్టరు లోపలికి వచ్చి అన్న ముందు నిలబడ్డాడు. ఏదో జోకు వెయ్యాలనుకున్నాడు. అన్న చొక్కా కాలరు సరిచేశాడు.

వెళ్ళేటప్పుడు చుక్కలమ్మాయి చిన్న పెట్టె ఒకటి మేస్త్రి చేతిలో పెట్టింది. మీట నొక్కితే ఆవిడ అడుగులు వినపడతాయి. “కావలిస్తే ఉంచుకోండి” అంది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

“వద్దా అండీ?”

“ఇందులో ఆవిడ ఆగదమ్మా” అన్నాడు. “పోతూనే ఉంటుంది.”

*

నెలాఖరున సామాను వ్యాను వచ్చింది. కండక్టరు, భార్య ఎక్కి కూర్చున్నారు. మేస్త్రి అప్పటికే వీధిలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన గుమ్మం దాటడం ఎదురింటావిడ చూసింది. గడప అని ఎవరికి చెబుతున్నాడో అని ఆయన వెనక్కి కూడా చూసింది. చూసి, తడిబట్ట దులిపి తీగ మీద వేసుకుంది.

“మందులు మర్చిపోకు. ఫోను దగ్గర పెట్టుకో. ఎదురింటావిడకి చెప్పాను, రోజూ ఒకసారి తలుపు తడుతుంది” అన్నాడు కండక్టరు. “తడితే తియ్యి. లోపలుండి ఊఁ అంటే ఆవిడకి వినపడదు.”

“తలుపుందిగా” అన్నాడు మేస్త్రి. “తట్టనీ.”

వ్యాను కదల్లేదు. డ్రైవరు చూస్తున్నాడు. కండక్టరు అన్న ముఖం చూస్తూ ఇంకా ఏదో ఉన్నట్టు కూర్చున్నాడు. మేస్త్రి చెయ్యెత్తి వ్యాను పక్కరేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

“రైట్... రైట్” అన్నాడు.

కండక్టరు పడీపడీ నవ్వాడు. వ్యాను మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినపడింది. తర్వాత వినపడలేదు.

మేస్త్రి ఇంటి వైపు తిరిగాడు. వీధి దాటాడు, మెట్టెక్కాడు. గుమ్మం దగ్గరయింది. మోకాళ్ళు వణకబోయాయి. భుజం దగ్గరికి చెయ్యెత్తాడు.

“గడప” అన్నాడు.

కాలు లేచింది. దాటాడు. లోపల చల్లగా ఉంది, మసగ్గా ఉంది. కొన్ని అడుగులు వేసి, గుమ్మం పొడుగంత దూరంలో ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. భుజం మీద ఎత్తిన చెయ్యి దించలేదు. ఊఁ అనడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు, గడప దాటడానికి ఎంతసేపు పడుతుందో ఇంకా అంతసేపు నిలబడ్డాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

తర్వాత చెయ్యి దించి, నీళ్ళు కాచుకోవడానికి పొయ్యి ఉన్న గది వైపు నడిచాడు. మధ్యలో ఇంకో గుమ్మం ఉంది.